వెళ్ళినవి అయిదు, వచ్చినవి నాలుగు

ఏలూరు తంగెళ్ళమూడిలో తివాచీలు నేయించే అబ్దుల్ జబ్బార్ ఇంటికి ఏటా ఫాల్గుణంలో ఒక పోస్టుకార్డు వచ్చేది. పెదపాడు అవతల కొల్లేటి గట్టున చేపలు పట్టుకునే బంగారురాజు రాయించిన కార్డు. ఏ ఏడు చూసినా అందులో ఉండేవి మూడే ముక్కలు. "సాయిబుగారికి నమస్కారములు. మీ జాడలు తేలినవి. వచ్చే ఆదివారం రాగలరు."

కార్డు వచ్చిందంటే ఆ ఇంట్లో హడావిడే. చలి సర్దుకుని వెళ్ళిపోయి, ఎండకి ఇంకా పళ్ళు రాని రోజులవి. జబ్బార్ మగ్గాలకి సెలవిచ్చి గూడుబండి మాట్లాడేవాడు. ఆయన భార్య ఖైరున్నీసా తెల్లారకముందే లేచి, ఏలూరు దండు మొత్తానికి సరిపడా రొట్టెలు కాల్చేది. ఆయన చెల్లెలు నసీమా, ఊలుకి రంగులద్దే మీరావలి, తాడేపల్లిగూడెం స్టేషన్లో గూడ్సు గుమాస్తా నాగేశ్వరరావు. వీళ్ళు ముగ్గురూ కలిస్తే అయిదుగురు. జబ్బారూ మీరావలీ నాగేశ్వరరావూ ఒకే బడిలో ఒకే బెత్తంతో దెబ్బలు తిన్నవాళ్ళు. అందుకని కొల్లేటి షికారులో పరాయివాళ్ళంటూ ఎవరూ లేరు.

ఎండలు మొదలవగానే కొల్లేరు వెనక్కి తగ్గుతుంది. తగ్గినచోట మైళ్ళకి మైళ్ళు నల్లటి ఒండ్రు బయటపడుతుంది. ఆ ఏడు వసంతంలో ఆ ఒండ్రు మీద ఎవరెవరు నడవబోతున్నారో వాళ్ళ పాదాల జాడలు, వెళ్ళేవీ తిరిగొచ్చేవీ కూడా, అప్పటికే అందులో పడి ఉంటాయి. మనిషి వచ్చి తన జాడ చూసుకుని, అందులో కాలు పెట్టి నడిచిపోవడమే. జాడలో పెట్టిన కాలికి నేల రాతిబండలా ఉంటుంది. జాడ పక్కన పెట్టారా, ఏనుగునైనా మింగి తేన్చదు కూడా. పెదపాడు సంతలో ఈ సంగతి చెబితే, "అయితే ఏంటండీ?" అని చేపల బేరంలో పడిపోతారు.

జాడ పడ్డవాడు రానంటే కుదరదు. ఒక ఏడు నాగేశ్వరరావుకి సెలవు దొరకలేదు. చైత్రం పోయింది, వైశాఖం పోయింది, రోహిణీకార్తెలో కొల్లేరంతా కుండపెంకుల్లా పగిలింది. నాగేశ్వరరావు జాడల వరస మాత్రం తడారకుండా ఆయన కోసం చూస్తూనే ఉంది. ఆ దారి దాటి మేతకి వెళ్ళమని గేదెలు మొండికేశాయి. చివరికి బంగారురాజే రైలెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళి, ఆఫీసులో దొరగారి ముందు చేతులు కట్టుకుని, "ఈయన కాళ్ళు మాకు ఒక్కరోజు కావాలండి" అని సెలవు రాయించుకొచ్చాడు.

పంతొమ్మిదివందల ముప్పై నాలుగులో వచ్చిన కార్డు వేరు. మూడు ముక్కల కింద నాలుగో ముక్క ఉంది. "వెళ్ళినవి అయిదుగురివి. తిరిగి వచ్చినవి నలుగురివి. తమరికి తెలియజేయడమైనది."

జబ్బార్ ఆ కార్డు చదివినప్పుడు మగ్గం నడుస్తోంది. ఆ మగ్గం గురించి చెప్పాలి. జబ్బార్ తివాచీ మీద మీరు సూది జారవిడిస్తే, అది నేలని తాకడానికి ఒక పూట పట్టేది. అంత ఒత్తుగా ఉండేది నేత. అటువంటి తివాచీకి నమూనా కాగితమంటూ లేదు. నమూనా అంతా నసీమా తలలో ఉంది. మగ్గం వెనక వెదురు తెర, తెర వెనక నసీమా. ఆవిడ అక్కడనుంచి పాటలా చెబుతూ ఉంటే, ఇవతల నేతగాళ్ళు ముడులు వేస్తూ పోయేవాళ్ళు. "మూడు ఎరుపు, ఒకటి తెలుపు, ఏడు నీలం, రెండు ఎరుపు..." ఆరువేల ముడుల వరస చెప్పినా ఆవిడ ఒక్కటి తప్పలేదు. తుమ్మొచ్చినా రంగు చెప్పాకే తుమ్మేది.

నసీమా భర్త రంగూన్ వెళ్ళి, అక్కడే జ్వరంతో పోయి తొమ్మిదేళ్ళయింది. మీరావలి భార్య పోయి ఆరేళ్ళు. మీరావలి ఇప్పటికి మూడుసార్లు, "జబ్బారూ, నీ చెల్లెల్ని నాకియ్యరా" అన్నాడు. మూడుసార్లూ జబ్బార్ మాట మార్చాడు. మొదటిసారి వానల గురించి, రెండోసారి ఊలు గురించి, మూడోసారి మళ్ళీ వానల గురించి. నసీమా వెళ్ళిపోతే మగ్గం మూగదైపోతుందని ఆయన భయం. ఈ విషయంలో నసీమా మనసు ఏమిటో ఆ ఇంట్లో ఎవరూ కనుక్కోలేదు. కనుక్కోవాలన్న ఊహే ఎవరికీ రాలేదు.

అందుకే "తిరిగి వచ్చినవి నలుగురివి" అన్న ముక్క చూడగానే జబ్బార్ గుండెలో చేప ఎగిరిపడింది. రానిది ఎవరు? ఇంకెవరు, నసీమా! మీరావలి ఏదో పన్నాగం పన్నాడు. ఒకసారి అనుమానం తలకెక్కాక జబ్బార్‌కి తెర వెనకనుంచి వినిపించే రంగులు కూడా వేరేగా వినిపించాయి. ఏడు నీలం అంటోందేమిటి? నీలం అద్దేది మీరావలి కదా! ఏడు అంటే ఏడో తారీఖా? ఏడుగంటల రైలా?

"ఆపు!" అని అరిచాడు. "అక్కడ ఏడు నీలం ఎందుకొచ్చింది?"

"నెమలి మెడండీ భాయీ," అంది నసీమా తెర వెనకనుంచి. "మెడకి నీలం కాక ఏం పెట్టమంటారు?"

జబ్బార్ కార్డుని మడిచి టోపీలో దాచాడు. ఎవరికీ చెప్పకూడదనుకున్నాడు. తీరా చూస్తే పోస్టుకార్డు కదా, పోస్టుజవాను పాపారావు వీధి మొదట్లోనే నలుగురికి చదివి వినిపించి మరీ తెచ్చాడు. భోజనాల దగ్గర ఖైరున్నీసా, "ఏవండీ, ఆ రాని మనిషి రొట్టెలు కూడా కాల్చమంటారా, మానమంటారా?" అంది. జబ్బార్ ఎత్తిన ముద్ద కంచంలో పడేశాడు. ఈవిడ ఇంత తాపీగా ఉందంటే ఈవిడకీ ఇందులో వాటా ఉందన్నమాట!

"నసీమాని ఈ ఏడు ఇంట్లోనే ఉంచుదాం," అన్నాడు.

"ఉంచండి. గేదెలు మొండికేస్తే బంగారురాజు ఈసారి మనింటికొచ్చి కూర్చుంటాడు. చేపలబుట్టతో సహా."

ఆదివారం కోడికూతకి గూడుబండి కదిలింది. ఆ బండిలో జబ్బార్ కళ్ళు తిరిగినన్ని తిరుగుళ్ళు చక్రాలు కూడా తిరగలేదు. మీరావలి కొత్త చొక్కా తొడుక్కొచ్చాడు. ఎందుకు తొడిగాడు? నాగేశ్వరరావు ముందురోజు రాత్రి బండికే దిగాడు, ఎప్పుడూ పొద్దున పాసింజరుకి వచ్చేవాడు. ఎందుకు దిగాడు? పైగా ఒళ్ళో ఒక రేకుపెట్టె.

"ఆ పెట్టెలో ఏముందిరా?" అన్నాడు జబ్బార్.

"కాజాలు," అన్నాడు నాగేశ్వరరావు.

"కాజాలకి తాళమెందుకు?"

"నీ పక్కన కూర్చుంటున్నాను కదా, అందుకు."

మీరావలి పకపకా నవ్వాడు. మీరావలి చిన్నప్పట్నుంచీ నీలిమందు తొట్లలో దిగి తొక్కిన మనిషి. ఆయన అరికాళ్ళు నీలం. ఆయన ఏలూరులో కాళ్ళు కడుక్కుంటే, తమ్మిలేరు మూడురోజులు నీలంగా పారి కొల్లేట్లో కలిసేదని చెప్పుకునేవారు. నవ్వు ఆపి, "జబ్బారూ, కార్డు సంగతి నాకూ తెలుసు. రానిది నేనే అయితే నా తొట్లు ఎవడు కలుపుతాడో అని రెండు రాత్రులు నిద్రపోలేదు. నువ్వు నన్నెందుకలా చూస్తావు?" అన్నాడు.

నిద్రపోలేదన్నవాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయా లేదా అని జబ్బార్ వంగి చూశాడు. ఉన్నాయి. ఎందుకైనా మంచిదని ఇంకోసారి చూశాడు.

గట్టు మీద బంగారురాజు, ఆయన భార్య ముత్యాలమ్మ ఎదురొచ్చారు. ముత్యాలమ్మ చేతిలో కొర్రమేను పులుసు కుండ. ఆ పులుసు వాసనకి గుడివాడ దాకా మనుషులు అన్నం కలుపుకుంటారు.

"బంగారురాజూ, నువ్వు సరిగ్గా లెక్కపెట్టావా?" అన్నాడు జబ్బార్ బండి దిగుతూనే.

"మూడుసార్లు చూశానండి సాయిబుగారూ. మా తమ్ముడు నరసింహరాజుని కూడా చూడమన్నానండి. రండి, తమరే చూద్దురుగాని."

ఒండ్రు మీద అయిదు వరసల జాడలు దూరంగా ఉన్న దిబ్బ వైపు సాగిపోయి ఉన్నాయి. వేళ్ళతో సహా తేటగా ఉన్నాయి. నాలుగు బారల అవతల తిరుగు జాడలు, నాలుగే వరసలు. అయితే వాటి నిండా నీళ్ళు. తిరుగు జాడలు ఎప్పుడూ అంతే. దిబ్బ దగ్గర మధ్యాహ్నం ఎండ పడి నీళ్ళు ఇంకితేనే ఎవరివో తెలుస్తుంది. జబ్బార్ మోకాళ్ళ మీద కూర్చుని దోసిళ్ళతో తోడాడు. తోడినకొద్దీ ఊరాయి. ఆయన తోడిన నీళ్ళతో ఒక ఎకరం వరి పండించుకోవచ్చు.

"వదిలెయ్యండి," అంది ఖైరున్నీసా. "పులుసు చల్లారిపోతుంది."

అప్పుడు జబ్బార్ సంచిలోంచి తాడు తీశాడు. తివాచీలకి పడుగు వేసే నూలు తొమ్మిది పేటలు పేనిన తాడు. ఏనుగుని కట్టి, ఆ ఏనుగుకి ఇంకో ఏనుగుని కట్టినా తెగదు.

"అయిదుగురికీ నడుముకి కడతాను," అన్నాడు. "ఎవరు మాయమవుతారో చూస్తాను."

"ఒరేయ్, మేం మనుషులమా, మావు బుట్టలో పడ్డ చేపలమా?" అన్నాడు నాగేశ్వరరావు.

"సెలవు రాసిచ్చిన దొరకి నిన్ను తిరిగి అప్పజెప్పొద్దా?"

మీరావలిని అందరికంటే ముందు కట్టాడు. నసీమాని అందరికంటే వెనక. ఇద్దరికీ మధ్య ముగ్గురు మనుషులు. నసీమాకి కట్టింది మాత్రం ఆయన ప్రత్యేకమైన ముడి. తివాచీ అంచు జారకుండా వేసే ముడి అది. దాన్ని విప్పడం ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. ఒకరు జబ్బార్. రెండోవాళ్ళెవరో ఆ కంగారులో ఆయనకి గుర్తు రాలేదు.

నడక మొదలైంది. మామూలుగా అయితే ఆ మైలున్నర నడకంత హాయి ఇంకోటి లేదు. పక్కన తుంగలో నీటికోళ్ళు, పైన కొంగల బారులు. గూడబాతులు ఒకేసారి లేచాయంటే ఏలూరులో మిట్టమధ్యాహ్నం దీపాలు వెలిగించేవాళ్ళు. ఆ రోజు ఎవరూ పైకి చూడలేదు. అందరూ ఒకరి కాళ్ళు ఒకరు చూసుకుంటూ నడిచారు. నాగేశ్వరరావు అంగ పొడుగు, ఖైరున్నీసా అంగ పొట్టి. తాడు బిగుసుకుని ఒకరు లాగితే ఇంకొకరు తూలారు. జబ్బార్ మెడ వెనక్కి తిప్పి నసీమాని చూస్తూ ముందుకి నడిచాడు. మనిషి మెడ అంతవరకూ తిరుగుతుందని అంతకుముందు వైద్యులకి కూడా తెలియదు.

"ఇలా అయితే అందరం పడతాం," అంది నసీమా. "భాయీ, నేను చెబుతాను. అందరూ వినండి."

గట్టు మీద నిలబడినప్పుడు ఆవిడ ఒక్కసారి చూసింది, అంతే. అయిదు వరసలూ ఆవిడ తలలోకి వెళ్ళిపోయాయి. "మీరావలిగారు రెండు పొడుగు. నాగేశ్వరరావుగారు ఒకటి ఆగి. వదినా, మూడు పొట్టి. భాయీ, ముందుకి చూడండి, ఒకటి పొడుగు..." ఏళ్ళతరబడి వెదురు తెర వెనక ఉన్న గొంతు ఆకాశం కింద విప్పారింది. తాడు బిగుసుకోవడం మానింది. అయిదుగురూ ఒకే మనిషిలా నడిచారు. మీరావలి ఒకసారి వెనక్కి తిరగబోయాడు.

"తిరక్కు!" అన్నాడు జబ్బార్.

"కొంగ వైపు చూస్తున్నాను."

"కొంగ కుడివైపు ఉంది!"

దిబ్బ మీద బంగారురాజు అత్తగారు మరిడమ్మ ఒక గుడిసెలో ఉండేది. బాతుల్ని పెంచుకుంటూ, ఏడాది పొడుగునా అక్కడే. వచ్చినవాళ్ళని చూసి, "తాడేంటి? దొంగల్ని పట్టుకొచ్చారా?" అని గుడిసెలోకి వెళ్ళిపోయింది. మరిడమ్మ పిలిచి మంచినీళ్ళిచ్చే మనిషి కాదు. నోరు తెరిచి అడిగితే మాత్రం కుండనే ముందు పెట్టేది.

జబ్బార్ నసీమాది తప్ప అందరి ముడులూ విప్పాడు. రొట్టెలు తిన్నారు, పులుసు తిన్నారు. నాగేశ్వరరావు పెట్టె తాళం తీస్తే లోపల నిజంగానే కాజాలు. జబ్బార్ మాత్రం ఏదీ ముట్టలేదు. పులుసులో ఏదైనా కలిపారేమో, తను నిద్రపోతే... అందరూ తింటున్నది చూస్తూ కూర్చున్నాడు. ఎండ నడినెత్తికొచ్చింది. దిబ్బ అంచున నాలుగు తిరుగు జాడల్లో నీళ్ళు తగ్గుతూ, తగ్గుతూ, ఇంకిపోయాయి.

"లేవండి," అన్నాడు జబ్బార్. "ఒక్కొక్కరే కాలు పెట్టి చూపించండి. నేను చూస్తూ ఉంటాను."

నాగేశ్వరరావు వెళ్ళి మొదటి జాడలో కాలు పెట్టాడు. బొటనవేలు పక్క వేలు పొడుగు, సరిపోయింది. "నేను వెళ్ళొచ్చు. రేపు డ్యూటీ," అన్నాడు. ఖైరున్నీసా రెండోదాంట్లో పెట్టింది. సరిపోయింది. మూడో జాడ అడుగున లేత నీలం మెరుస్తోంది. మీరావలి కాలు పెట్టగానే దబ్బనం బెజ్జంలో దారంలా కూర్చుంది.

మిగిలింది ఒకటి. జబ్బార్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అనుమానం నిజమవుతుంటే మనిషికి ఏడుపూ వస్తుంది, గర్వమూ వస్తుంది. ఆయనకి రెండూ వచ్చాయి. "నేను ముందే చెప్పానా? వద్దమ్మా నసీమా, నువ్వు పెట్టకు. నేను చూడలేను," అన్నాడు.

నసీమా చీర అంచు కొంచెం ఎత్తి, నాలుగో జాడలో కాలు పెట్టింది. మడమ నుంచి చిటికెనవేలి దాకా సరిపోయింది. వెంట్రుకవాసి ఖాళీ లేదు.

జబ్బార్ ముఖం వెలిగిపోయింది. "అయితే అందరూ ఉన్నారు! నాగేశ్వరరావు, నా భార్య, మీరావలి, నసీమా! నలుగురూ తిరిగొస్తున్నారు! బంగారురాజు కార్డు తప్పు రాయించాడు! అయిదోవాడంటూ లేడు!"

"ఏవండీ," అంది ఖైరున్నీసా మెల్లగా. "మరి మీరో?"

జబ్బార్ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఆ నోట్లో ఒక నీటికోడి గుడ్డు పెట్టి వెళ్ళినా ఆయనకి తెలిసేది కాదు.

తర్వాత ఆయన ఒప్పుకోలేదు. ఖైరున్నీసా జాడలో కాలు పెట్టాడు, మోకాలిదాకా దిగింది. నాగేశ్వరరావు జాడలో పెట్టాడు, తొడదాకా దిగింది. తాడు పట్టుకుని నలుగురూ లాగితే బయటపడ్డాడు. "రా, నా వీపెక్కు," అన్నాడు మీరావలి. ఎక్కాడు. ఒకరి జాడ ఇద్దరిని మోయదు. ఇద్దరూ నడుముదాకా దిగారు. మీరావలి కొత్త చొక్కా నల్లబడింది. మరిడమ్మ గుమ్మంలో నిలబడి, "ఆషాఢంలో నీళ్ళొస్తాయి. మా అల్లుడు దోనె తెస్తాడు. అంతదాకా ఆ పక్క చాప వేసుకో సాయిబూ. బాతులు చూసుకోడానికి నాకూ ఒకడు కావాలి," అంది.

మూడు నెలలు! జబ్బార్ ఒంటినిండా బురదతో నిలబడి నలుగురి ముఖాలూ ఒక్కొక్కటే చూశాడు. "మీకందరికీ ముందే తెలుసు," అన్నాడు. "కొల్లేటితో కూడా మాట్లాడుకునే వచ్చారు." ఎవరూ కోప్పడలేదు. అది ఆయన్ని ఇంకా భయపెట్టింది.

"నేనుంటాను మీకు తోడు," అంది ఖైరున్నీసా.

"నువ్వు వెళ్ళు. ఇల్లు చూసుకోవాలి." ఆయన నసీమాని కట్టిన తాడు చివర చేతికి చుట్టుకున్నాడు. "నసీమా ఉంటుంది. అన్నకి వండిపెట్టడానికి ఒక మనిషి ఉండొద్దా? నేను లేకుండా నేత ఎలాగూ సాగదు. దాని జాడ ఎదురుచూస్తే చూస్తుంది, ఏం పోయింది?"

మీరావలి ఒండ్రు వైపు తిరిగి నిలబడ్డాడు. మాట్లాడితే జబ్బార్ దాన్ని ఇంకో పన్నాగం అంటాడని ఆయనకి తెలుసు.

నసీమా తన జాడని చూసింది. అది తడిగా, కొత్తగా, కాలు కోసం తెరిచిన చెప్పులా ఉంది. అన్నని చూసింది. ఆయన గడ్డం నిండా బురద. ఆవిడ దగ్గరికొచ్చి, కొంగుతో ఆయన గడ్డం తుడిచింది. జబ్బార్ ఊపిరి పీల్చుకున్నాడు.

"రొట్టెలు మిగిలాయి భాయీ. పైన మూట కట్టిపెట్టాను. రేపటికి సరిపోతాయి," అంది నసీమా. అంటూనే ఆవిడ రెండు వేళ్ళు నడుము దగ్గరికి వెళ్ళి, ఎడమ పోగు లోపలికి తోసి, కుడి పోగు పైకి తీశాయి. అంచు ముడి పువ్వులా విచ్చుకుంది. ప్రపంచంలో ఆ ముడి విప్పగల రెండో మనిషి ఎవరో జబ్బార్‌కి అప్పుడు గుర్తొచ్చింది. ఆ ముడి ఆయనకి నేర్పిందే ఆవిడ.

"నసీమా! నేను ఉండమన్నాను!"

"విన్నాను భాయీ," అని, ఆవిడ జాడలో కాలు పెట్టింది. వెనక్కి చూడకుండా మొదలుపెట్టింది. "మీరావలిగారు ఒకటి పొడుగు. వదినా, రెండు పొట్టి. నాగేశ్వరరావుగారు ఆగకండి..." నలుగురూ చిన్న చుక్కలై, గట్టులో కలిసిపోయారు. గొంతు మాత్రం చాలాసేపు వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది.

ఏలూరులో ఎవరూ ఆశ్చర్యపోలేదు. "తిరుగు జాడ లేదట పాపం," అని తల ఊపి, ఆషాఢం ఎప్పుడొస్తుందో వేళ్ళమీద చూసుకున్నారు. నేత ఆగుతుందని జబ్బార్ అన్నాడు గానీ, మర్నాడే మగ్గం ఆడింది. ఆ నెలలో నేసిన నెమళ్ళ తివాచీని ఎండలో ఆరేస్తే, వట్లూరు నుంచి నిజం నెమళ్ళు వచ్చి దాని చుట్టూ పురి విప్పాయి.

మీరావలి నాలుగోసారి అడిగాడు. ఈసారి అడగడానికి జబ్బార్ లేడు. అందుకని ఖాజీగారినే అడిగాడు. నసీమాకి పెద్దదిక్కు అన్నగారు. ఆయన కొల్లేట్లో ఉన్నాడు. ఆయన దగ్గరికి వెళ్ళడానికి ఖాజీగారికి ఆ ఏడు జాడలు లేవు. ముసలాయన రెండురోజులు ఆలోచించి, మూడోరోజు సాయంత్రం జబ్బార్ ఇంటికొచ్చి, వెదురు తెర ముందు కూర్చున్నాడు. వీధిలోవాళ్ళంతా వాకిట్లో నిలబడ్డారు.

"అమ్మా నసీమా," అన్నాడు ఖాజీ. "మీరావలితో నిఖా నీకు సమ్మతమేనా?"

తెర వెనక చప్పుడు లేదు. రెండోసారి అడిగాడు. చప్పుడు లేదు. వాకిట్లో ఎవరో, "సిగ్గు పడుతోందండి. మౌనమంటే ఒప్పుకున్నట్టే, కానివ్వండి," అన్నారు.

"కాదు," అన్నాడు ఖాజీ. "కన్నెపిల్ల మౌనం ఒప్పుకోలు. ఒకసారి నిఖా అయిన ఆడమనిషి మౌనం ఉత్త మౌనమే. ఆవిడ నోటితో చెప్పాలి. చెప్పేదాకా నేను లేవను, మీరు కదలకండి."

నసీమా సిగ్గుపడలేదు. తెర సందులోంచి ఆ వాకిట్లో నిలబడ్డ మనుషుల్ని చూస్తోంది. ఇంతమంది కలిసి తన మాట కోసం ఆగడం ఆవిడ పుట్టాక అదే మొదలు. అది కొంచెంసేపు ఉండనిచ్చింది.

"సమ్మతమే," అంది తర్వాత. "ఒక్కటి. ఇకమీద రంగులు నేను మగ్గం ముందు కూర్చుని చెబుతాను. ఈ తెర తీసెయ్యాలి. అది ఆయనకి సమ్మతమేనా, ఆయన నోటితోనే చెప్పమనండి."

మీరావలి చెప్పిన సమ్మతం పెదపాడు దాకా వినిపించింది.

దిబ్బ మీద జబ్బార్ రోజులు అంత సులువుగా జరగలేదు. మొదటి వారం ఆయన ఎవరినీ ఏదీ అడగలేదు. దాహమైతే కుండ వైపు చూసేవాడు. మరిడమ్మ బాతుల వైపు చూసేది. ఎనిమిదోరోజు ఆయన, "కాస్త నీళ్ళు ఇస్తారా?" అన్నాడు. కుండ ముందుకొచ్చింది. ఆ తర్వాత పడుకోడానికి చోటు అడిగాడు, ఉప్పు అడిగాడు, బాతుల్ని ఏ వైపు తోలాలో అడిగాడు. అడగడం వల్ల మనిషి కరిగిపోడని తెలుసుకోడానికి ఆయనకి రెండు నెలలు పట్టింది. నిఖా సంగతి బంగారురాజు గట్టు మీదనుంచి కేకేసి చెప్పాడు. జబ్బార్ ఆ పూటంతా ఒండ్రు అంచున కూర్చున్నాడు. "మంచిరోజేనా చూశారు?" అని మాత్రం తిరిగి కేకేశాడు.

ఆషాఢంలో కొల్లేరు నిండింది. బంగారురాజు దోనెలో గట్టుకి, అక్కడనుంచి బండిలో ఏలూరుకి వచ్చేసరికి వాన మొదలైంది. జబ్బార్ ముందు తన ఇంటికి వెళ్ళలేదు. రంగుల వీధిలో మీరావలి ఇంటి ముందు ఆగాడు. లోపలినుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. తన గురించే నవ్వుకుంటున్నారేమో! అనుమానం అలవాటు ప్రకారం తల ఎత్తింది. ఆయన దాన్ని వానలో అలాగే తడవనిచ్చి, తలుపు తట్టాడు.

నసీమా తలుపు సగం తెరిచింది. అన్న చిక్కిపోయాడు, గడ్డం పెరిగిపోయింది, ఒళ్ళంతా బాతుల వాసన.

చిన్నప్పట్నుంచీ ఆవిడ ఉన్న ఏ గదిలోకైనా జబ్బార్ తలుపు తోసుకుని వెళ్ళిన మనిషే. ఇప్పుడు చూరు నీళ్ళు మెడలో పడుతుంటే గడప అవతల నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"నసీమా, లోపలికి రావొచ్చా?"

నసీమా వెంటనే జవాబు చెప్పలేదు. జబ్బార్ కూడా తొందరపెట్టలేదు. వానలో నిలబడి, ఆవిడ ఏం చెబుతుందా అని చూస్తూ ఉన్నాడు.